తాకేటా ఆదివారాలు

పోయిన ఆదివారం ఇక్కడ బర్మాలో, మా పజుండౌంగ్ పేట గుళ్ళో భజన జరుగుతుంటే మైకు గీరింది. అందరూ గొంతెత్తి పాడుతున్నంతసేపూ బాగానే ఉంది. హారతికి ముందు గొంతులు తగ్గేసరికి వాటి అడుగున, ఇసక మీద రేకు ఈడ్చినట్టు ఒక సన్నని గీర. పక్కనున్నవాళ్ళెవరికీ వినిపించినట్టు లేదు. నేను మాత్రం వద్దనుకున్నా వింటాను. అన్నేళ్ళు మా బావ పక్క గదిలో బతికినదాన్ని. చటుక్కున తల తిప్పి, ఆయనెప్పుడూ నిలబడే స్తంభం పక్కకి చూశాను. అక్కడ ఎవరో పిల్లని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. బావ పోయి ఏడాది కావొస్తోందన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

బావ అంటే మా అక్క మొగుడు. వీధిలో బర్మావాళ్ళు ఆయన్ని 'సయా' అనేవారు. పంతులు గాని, డాక్టరు గాని, మేస్త్రి గాని, చేతిలో ఏదో ఒక విద్య ఉన్న మనిషిని ఇక్కడ అలాగే పిలుస్తారు. మన తెలుగువాళ్ళూ అదే అలవాటు చేసుకున్నారు. ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. నేనూ ఇక్కడ పేరు రాయను. ఆ పేరుకి చెయ్యాల్సిందంతా ఈ ఊళ్ళో మనవాళ్ళు చేసేశారు.

ఆయన ఆంప్లిఫయర్లు చేసేవాడు. గుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, మైకు సెట్లు అద్దెకిచ్చే వాళ్ళకీ. మేముండేది కాలవకి దగ్గర, మూడో అంతస్తులో. ముందు గది ఆయన బల్లకీ సామానుకీ, మధ్య గది వాళ్ళిద్దరికీ, వంటింటి పక్క గది నాకూ. నేను పోర్టు దగ్గర ఒక సరుకుల ఏజెన్సీలో టైపు పని చేసేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు, అక్క దగ్గరే ఉండిపోయాను. వాళ్ళకి పిల్లల్లేరు. అన్ని ఇళ్ళకీ ఉన్నట్టే మా బాల్కనీ నుంచి కూడా వీధిలోకి ఒక తాడు వేలాడేది. కింద నుంచి లాగితే పైన గంట మోగుతుంది. గంట మోగగానే బావ తొంగి చూసేవాడు. కిందనున్న మనిషి మొహం నచ్చకపోతే "ఇంట్లో లేను" అని తనే అరిచి లోపలికి వచ్చేసేవాడు.

మంచివాడా అని ఎవరైనా అడిగితే నేను చటుక్కున అవునని చెప్పలేను. నోరు దురుసు. తన పనిలో తనకంటే గొప్పవాడు ఈ ఊళ్ళో లేడని గట్టి నమ్మకం, దాన్ని దాచుకోవాలన్న ఆలోచన ఏ కోశానా ఉండేది కాదు. ఒకసారి ఒక పెళ్ళిబ్యాండు మనిషి చైనా పెట్టె ఒకటి మోసుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. బావ దాని మూత తీసి చూసి, మళ్ళీ బిగించి, అతని చేతుల్లో పెట్టి, "దీన్ని తెచ్చిన సేత్తోనే మోసుకెల్లిపో బాబూ, నా బల్ల మీద పెడితే నా సామాను సెడిపోతాది" అన్నాడు. ఆ మనిషి మళ్ళీ మా మెట్లెక్కలేదు. అక్క నెత్తి కొట్టుకుంది.

కానీ పెట్టె చేశాడంటే చేశాడే. చివర్న ఒక పని మిగిలేది, దానికి మాత్రం తొందరపడేవాడు కాదు. దాన్ని ఆయన 'బయాసు కట్టడం' అనేవాడు. చల్లటి పూట చేసేవాడు కాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, బాల్కనీలో రేకు కింద పెట్టెని మూతేసి ఉడకబెట్టి, అప్పుడు చిన్న స్క్రూడ్రైవరు పుచ్చుకుని కూర్చునేవాడు. మీటరు ఉన్నా సరే, పిల్లల జ్వరం చూసినట్టు వేలి వెనకవైపుతో అల్యూమినియం పలకని తాకేవాడు. కాలితే ఆ వేలిని చెవి తమ్మెకి ఆనించుకునేవాడు.

"ఈ ఎండలో ఏటి బావా, పొద్దున్నే సేసుకోకూడదా?" అనేదాన్ని.

"సల్లగా ఉన్నప్పుడు ఎవుడైనా బుద్దిగానే ఉంటాడమ్మీ. ఏడెక్కినాక ఏటి సేస్తాడో అది సూడాల."

అసలు బయాసంటే ఏమిటని ఒకసారి అడిగాను. నాలాంటిదానికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన మా తాతల కాలానికి వెళ్ళిపోయాడు. మా తాతా, ఆయన తాతా విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఈ రేవులో బస్తాలు మోసినవాళ్ళే.

"ఓడ మీంచి బస్తా దించీకాడ పైనొకడు, కిందొకడు. పైనోడు ఒగ్గీసీసరికే కిందోడు సెయ్యి సాసుండాల. బస్తా వొచ్చినాక సాపుదాంలే అనుకున్నాడా, అది నేల మీదే. ఈ ట్రాన్సిస్టర్లూ అంతే, జతకి రెండు. పాటలో సగం ఇది మోస్తాది, సగం అది. ఒకదాని కాడ్నించి రెండోదానికి మారీకాడ ఏదీ నిద్దరోకూడదు. పని లేనప్పుడూ రవ్వంత కరెంటు తాగతా మెలకువగా ఉండాల. అదే బయాసు. అది లేదనుకో, గట్టిగా అరిసినప్పుడు నీకు తెల్దు. గొంతు తగ్గించినప్పుడు గీర్తాది."

"ఎక్కువ తాగితే?"

"ఏడెక్కుతాది. ఏడెక్కితే ఇంకా తాగాలనిపిస్తాది. తాగితే ఇంకా ఏడి. కల్లుపాక కాడ మీ పెదనాన్నలాగ. ఆకర్న తనూ కాలిపోతాది, పక్కోల్నీ కాల్చీస్తాది."

"మరి ఎవరాపుతారు?"

అప్పుడు పెద్ద ట్రాన్సిస్టర్ల మధ్య, అదే పలకకి బిగించి ఉన్న మిరియపు గింజంత దాన్ని చూపించాడు. అది కూడా ట్రాన్సిస్టరేనట.

"ఈడు. ఈడికి పాటతో పన్లేదు. పెద్దోల ఒంటి మీద సెయ్యేసుకుని కూకుంటాడు. ఒళ్ళు కాలిందా, పోసీది తగ్గించీమంటాడు. ఈడు అక్కడే ఉండాల, పలక మీదే. దూరంగా కూకోబెడితే జొరం ఎలా తెలుస్తాది?"

ఇది తను కనిపెట్టింది కాదనీ, పుస్తకాల్లో ఉన్నదేననీ ఆయనే చెప్పేవాడు. ఈ ఊరి ఎండకీ, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటుకీ, వచ్చినప్పుడు ఎగిరెగిరి పడే జనరేటరుకీ తట్టుకునేలా ఎంత పెట్టాలన్నది మాత్రం ఆయన సొంతం. అది కుదిరాక ఆ మర కదలకుండా దాని మీద ఒక చుక్క గోళ్ళరంగు వేసేవాడు. ఆ రంగు నా దగ్గర్నుంచే. నెరిసిన మీసం, పైకి మడిచిన లుంగీ, గుమ్మంలో నిలబడి "అమ్మీ, గోళ్ళరంగియ్యి" అని గద్దింపు. గులాబీ రంగు ఇస్తే తీసుకునేవాడు కాదు. "ఎరుపే. నా పెట్టెకి ఎరుపే" అనేవాడు.

ఆఖరి పరీక్ష అక్కది. ఆయన మైకు తీసుకొచ్చి వంటింట్లో అక్క నోటి దగ్గర పెట్టేవాడు. అక్క పిండి చేతులతోనే, పెదవులు కదిలీ కదలకుండా ఏదో ఒక పాట గుసగుసగా అనేది. బావ ముందు గదిలో స్పీకరు పక్కన కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఒక్కోసారి పెట్టె ఎప్పుడో కుదిరిపోయినా ఇంకొక్కసారి అనమనేవాడు. వాళ్ళిద్దరి మధ్యా నేను చూసిన సరసం అంతే. అక్క మొహం అప్పుడు ఎలా ఉండేదో నాకు తెలుసు. అది కూడా ఎక్కువ కాలం మిగల్లేదు.

ఆయన పెట్టెలు అమ్మి పెట్టేవాడు మా వీధి చివర కొట్టున్న షావుకారు. వాళ్ళదీ తెలుగు కుటుంబమే, తాతల నాటి వ్యాపారం. గుడి గోపురానికి రంగులేయించినా, ఉగాదికి పంతులుగారిని పిలిపించినా ఆ చెయ్యే ముందుంటుంది. బావకి బేరం చెయ్యడం రాదు, మనుషులతో మాట్లాడటం రాదు. షావుకారుకి ఆ రెండే వచ్చు. కాబట్టి చాలాకాలం బాగానే సాగింది. పెట్టెలకి గిరాకీ పెరిగాక షావుకారు బావ గీసిన సర్క్యూటు గీతలు తీసుకుని ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో ఒక షెడ్డు పెట్టించాడు. అక్కడ బట్టల ఫ్యాక్టరీల మధ్య నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టి, 'సయా ఆంప్లీ' అన్న పేరుతోనే పెట్టెలు చేయించడం మొదలుపెట్టాడు. మొదట్లో బావ వెళ్ళి చూసొచ్చేవాడు. తర్వాత ఒకరోజు కొట్టులో ఇద్దరికీ గొడవైందని విన్నాం. దేనికో బావ చెప్పలేదు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడు. ఆ తర్వాత ఆ కొట్టు మెట్లెక్కలేదు. షెడ్డు పెట్టెలు మాత్రం ఆయన పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఆ వేసవిలోనే తాకేటాలో అమ్మవారి పండగొచ్చింది. కాలవ దాటితే తాకేటా. అక్కడి మనవాళ్ళు ఏటా ఖాళీ స్థలంలో పందిరేసి చేస్తారు. నేనూ అక్కా వెళ్ళాం. బావ రాలేదు. మధ్యాహ్నం అన్నదానం జరుగుతోంది. పందిరి వెనక వరసలో పిల్లలు ఆకుల ముందు కూర్చుని ఉన్నారు. కరెంటు లేదు, జనరేటరు మీద పాటలు మోగిపోతున్నాయి. ఆంప్లిఫయరు పెట్టిన బల్ల పక్కనే, నైలాను తెరకి ఆనుకుని కొందరు ఆడవాళ్ళు దండలు గుచ్చుతున్నారు. వాళ్ళలో నరసమ్మ ఒకర్తె. ఇంట్లో నరసమ్మ, బయట బర్మా పేరు డా ఎయ్. లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. మొగుడు లేడు, ఒక కూతురు.

పాట ఆగలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు. పెట్టెలోంచి పొగ వస్తున్నా పాట బాగానే వస్తోంది. ఎవరో "పొగ, పొగ" అనేలోపు మంట పుట్టి తెర అంటుకుంది. అంటుకున్న తెర పిల్లల మీదికి వాలుతోంది. అందరూ వెనక్కి పరిగెత్తారు. నరసమ్మ ముందుకి పరిగెత్తింది. రెండు చేతులతో ఆ తెర పట్టుకుని ఇవతలికి లాగేసింది. కాలే నైలాను చేతులకి అతుక్కుపోయింది. పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఆవిడ చేతులు మాత్రం పోయాయి. చాలా నెలలు ఆస్పత్రిలో ఉంది. తిరిగొచ్చేసరికి వేళ్ళు ఎండిన ఆకులా లోపలికి ముడుచుకుపోయాయి. సూది పట్టడం మాట అలా ఉంచి, చెంచా పట్టడానికే కష్టం.

సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: సయా పెట్టె కాలింది.

తర్వాతి ఆదివారం మా గుడి హాల్లో పెద్దల కమిటీ కూర్చుంది. బావ రెండు పెట్టెలు సైకిల్ రిక్షాలో వేయించుకుని వెళ్ళాడు. ఒకటి తను చేసింది, ఒకటి తాకేటాలో కాలింది. నేనూ వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. షావుకారు ముందు వరసలో చేతులు కట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. అంత దుఃఖంగా కూర్చోవడం కూడా ఒక విద్యే.

బావ రెండు పెట్టెల మూతలూ విప్పాడు. "ఇటు సూడండి. ఇది నాది. జొరం సూసీవోడు పలక మీద ఉన్నాడు. ఇది షెడ్డుది. ఈడ్ని పీకీసి, ఆ మూల ఎక్కడో రెండు సిల్లర డయోడ్లు ఎట్టేరు. ఏడెక్కితే ఎవుడికి తెలుస్తాది? నా పెట్టె మీద ఎర్ర సుక్కుంటాది. దీని మీద ఉందేటి?"

కమిటీ పెద్ద ఒకాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఎర్ర సుక్క ఎవుడైనా ఎట్టుకోవచ్చు, ఎట్టుకోకపోవచ్చు గదా సయా" అన్నాడు.

ఎవరో నవ్వు ఆపుకున్నారు. అక్కడ బావ ఇంకొకలా మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయన మాత్రం ఆయనలాగే మాట్లాడాడు. "మీకు సెప్పీకంటే ఈ గోడకి సెప్పుకుంటే నయం. మీకేటి తెల్సు? పాట వొస్తే పెట్టె బాగుందనుకునే జాతి" అన్నాడు. ఆ మాటతో, అప్పటిదాకా కొంచెం మెత్తబడ్డ వాళ్ళు కూడా బిగుసుకుపోయారు.

అప్పుడా పెద్దమనిషి మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అసలు మాట చెప్పాడు. "సూడు సయా. ఆవిడ ఆస్పత్రి కర్సు షావుకారే ఎట్టుకుంటన్నాడు. ఆయన పేరు బయటకొస్తే రేపు పోలీసులు, గొడవలు. ఈ రోజుల్లో పోలీసుల కాడికి ఎవులెల్తారు? మన గుడి సూడీ మనిషి ఆయనొక్కడే. నీకైతే పోయీదేటుంది? పొరపాటైపోయిందను, సాలు. మర్సిపోతారు."

షావుకారు తల ఎత్తలేదు. బావ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. ఇక తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మూతలు బిగించాడు. ఒక్కొక్క మరా నిదానంగా, సరిగ్గా, చివరిదాకా బిగించి, పెట్టెలు మోయించుకుని వెళ్ళిపోయాడు. ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆయన వీధి మలుపు తిరిగేలోపే హాల్లో అది ఒప్పుకోలుగా మారిపోయింది.

ఆ తర్వాత మా తాడు లాగేవాళ్ళు తగ్గిపోయారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు, రావడం మానేశారంతే. ఊళ్ళోకి చైనా పెట్టెలు చవగ్గా, తేలిగ్గా వచ్చేశాయి. గుళ్ళో కూడా ఒకటి పెట్టారు. అక్క తెల్లారకముందే లేచి పిండి రుబ్బి, ఇడ్లీలు వేసి వీధి మలుపులో అమ్మడం మొదలుపెట్టింది. రుబ్బి రుబ్బి భుజం పట్టేసేది. ఎప్పుడైనా ఒక పెట్టె తయారై బావ మైకు తెచ్చి నోటి దగ్గర పెడితే, అక్క దాన్ని మోచేత్తో పక్కకి నెట్టి, "నా గొంతు బాగోలేదు" అనేది. బావ మైకు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వెళ్ళిపోయేవాడు.

ఆదివారాలు మాత్రం ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. పొద్దున్నే గుళ్ళో స్తంభం పక్కన నిలబడి భజన విని, అటునుంచటే తాకేటా బస్సెక్కేవాడు. నరసమ్మ ఇంటికి. ఫ్యాను బాగు చేయడానికి, కరెంటు పోతే వెలిగే దీపం పెట్టడానికి, బ్యాటరీ మార్చడానికి. ఒకసారి ఆవిడకి అక్క ఏదో పాత చీర పంపిస్తే ఇవ్వడానికి నేనూ వెంట వెళ్ళాను.

చిత్తడి నేల మీద చెక్క ఇల్లు, రేకు కప్పు. నరసమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. బావని చూడగానే మొదలుపెట్టింది.

"వొచ్చీసేవా? ఈ వారం బస్సు కింద పడి సస్తావనుకున్నాను. నీ సేతులు పడిపోను. నీ ఇంట దీపం ఎలక్కపోను. ఎన్ని కాలర్లు కుట్టీదాన్ని నేను! మా సూపర్‌వైజరు నా కుట్టు అందరికీ సూపించీవోడు. ఇప్పుడు నా జాకెట్టు నా కూతురు తొడుగుతాది. సూడు, సూడెహె, ఇటు సూడు!"

ముడుచుకుపోయిన చేతులు ఆయన మొహం ముందు పెట్టింది. బావ చూశాడు. పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆవిడ ఆపేదాకా విన్నాడు. తన మీద ఒక్క మాట పడితే పది మాటలు విసిరే మనిషి ఆయన. ఆవిడకి ఆయాసం వచ్చి ఆగింది. ఆయన లేచి ఫ్యాను విప్పాడు. ఆవిడ కూతురు నీళ్ళిచ్చింది. తాగి, "వొస్తాను" అన్నాడు. "రాకు" అని నరసమ్మ అరిచింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను. "ఆవిడకి నిజం సెప్పవేటి బావా? అది నువ్వు సేసింది కాదని?"

"సెప్తే?"

"షావుకార్ని తిట్టుకుంటాది."

"ఎక్కడికెల్లి? ఆయన గేటు కాడ దర్వానుంటాడు. ఆవిడ్ని లోపలికి రానిస్తాడేటి?" కిటికీ లోంచి కాలవకేసి తిరిగాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే అన్నాడు: "షెడ్డు పెట్టెని నేను ముందే ఇప్పి సూసేను అమ్మీ. ఆ సిన్నోడ్ని పీకీసేరని నాకు తెల్సు. అందుకే కొట్టుకాడ గొడవైంది. ఆయన్ని తిట్టేను. తిట్టి ఇంటికొచ్చి కూకున్నాను. గుడికెల్లి ఒక్క మాట సెప్పలేదు. సయా గదా, ఇంకోల గుమ్మాలెక్కి సెప్పుకుంటానేటి. తెల్సీ ఊరుకున్నాను. ఆవిడ తిట్టీదాన్లో సగం నాదే."

ఇంటికొచ్చి నేను అక్కకి ఇది చెప్పాను. అక్క పిండి రుబ్బుతూనే వింది. రాత్రి భోజనాల దగ్గర ఆయన కంచంలో అన్నం పెడుతూ అంది: "ఆవిడకి తిట్టుకోడానికి నువ్వున్నావు. నాకెవులున్నారు?"

"నువ్వూ నన్నే తిట్టు" అన్నాడు బావ.

"నాకు ఓపిక లేదు" అంది అక్క.

అంతకు మించి ఆ సంగతి ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. ఆదివారాలు సాగుతూనే ఉన్నాయి. వానొచ్చినా, బస్సులు లేకపోయినా, ఊళ్ళో అల్లర్లై వీధులు మూసేసినా, ఆయన లుంగీ మడిచి నడిచైనా వెళ్ళేవాడు. అక్క ఆ పూట మధ్యాహ్నానికి వండేది కాదు. అది అలకో, అలసటో నేను అడగలేదు.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున, బల్ల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకి వాలిపోయాడు. ఇరుగుపొరుగు వాళ్ళు కుర్చీతో సహా ఆ ఇరుకు మెట్ల మీద నుంచి దించారు. కిందికి దించేసరికే అయిపోయింది.

శవం లేవకముందు షావుకారు వచ్చాడు. పెద్ద దండ, ముగ్గురు మనుషులు. అక్క కాళ్ళ దగ్గర వంగి దణ్ణం కూడా పెట్టాడు. అందరూ వినేలా, "అలాటి సేతులు మళ్ళీ పుట్టవు. ఒక్క పొరపాటుకి మనిషిని అంచనా కట్టకూడదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అంతవరకూ ఏడుస్తున్న అక్క అప్పుడు ఏడుపు ఆపేసింది. షావుకారు వెళ్ళేదాకా కన్నార్పకుండా ఆయన్నే చూసింది.

నరసమ్మ కూడా కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చింది. దూరంగా గోడవార నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. దండ తీసుకురాలేదు. శవం వీధి మలుపు తిరిగాక బస్సు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పెద్దకర్మకి ముందు ఒక రోజు, ఆదివారం, నేనొక్కదాన్నే తాకేటా వెళ్ళాను. కర్మకి పిలవడానికని అక్కతో చెప్పాను. ఆయన బతికుండగా చెప్పనివ్వలేదు, ఇప్పుడడ్డం ఎవరు? నరసమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నేను కూర్చుని అంతా చెప్పాను. షెడ్డు, పీకేసిన ట్రాన్సిస్టరు, గుడి హాల్లో కమిటీ, వాళ్ళు ఆయన్ని అడిగింది, ఆయన మూతలు బిగించి వచ్చేసింది, అన్నీ. ఆవిడ కూలిపోతుందనో, నెత్తి బాదుకుంటుందనో ఎదురుచూశాను.

నరసమ్మ చీర కొంగుని మణికట్టుతో లాక్కుని మొహం తుడుచుకుంది.

"తెల్సు" అంది.

"ఏటి తెల్సు?"

"అదే. ఆ షెడ్డులో పని సేసినోడి పెళ్ళాం మా ఫ్యాక్టరీలోనే కుట్టీది. నేను ఆస్పత్రిలో ఉండగానే వొచ్చి సెప్పీసింది. షావుకారు సేయించేడని. కాల్లు కూడదీసుకుని ఆయనింటికెల్లేను. గేటు తియ్యలేదు. ఆస్పత్రి కర్సు ఇచ్చీసేం గదా అని దర్వాను సేత సెప్పించేడు."

"మరి తెల్సీ... ఆయన్ని అన్నేళ్ళూ..."

"తిట్టేను. తిట్టకపోతే నేను పిచ్చిదాన్నైపోదును. ఇంకెవుల్ని తిట్టను? వొచ్చీవోడు ఆయనొక్కడే గదా." ఆవిడ బయటికి, బస్సు ఆగే వైపుకి చూసింది. "నేను తిట్టడం మానేస్తే రావడం మానేస్తాడేమోనని కూడా ఉండీది."

"నీకు తెల్సని ఆయనకి తెల్సా?"

"నేను సెప్పలేదు. ఆయనడగలేదు."

ఆవిడ కూతురు నీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

ఇంటికొచ్చేసరికి అక్క వంటింట్లో కర్మకి కావలసిన బియ్యం చెరుగుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను. దాచుకోవడం నా వల్ల కాలేదు. అక్క చేట ఆపలేదు. రాళ్ళు ఏరింది, ఊక ఊదింది, మంచి బియ్యం ఒకవైపు పోసింది. వినలేదేమోనని మళ్ళీ చెప్పబోయాను.

"ఇన్నాను" అంది. చేట కింద పెట్టింది. పట్టేసిన భుజాన్ని రెండో చేత్తో అదుముకుంది.

"ఆవిడ తెల్సీ తిట్టింది. ఆయన తెల్సీ పడ్డాడు" అంది. "ఆల్లిద్దరి మజ్జిన నా ఇల్లు పోయింది."